కింది పేరా

రేవు రోడ్డు,
తాళాల కొట్టు పైన మేడగది

వదినా,

‘ప్రియమైన’ అని రాయడం లేదు. కడుపు మండిపోతుంటే ప్రేమ ఎక్కణ్ణుంచి వస్తుంది?

నిన్నటి మీ సాయంకాలం పేపరు నా ముందే ఉంది. మొదటి పేజీలో నా మొగుడు నవ్వుతున్నాడు. పక్కన అవతలి ఒడ్డు రేవు అధికారి యూనిఫాంలో నవ్వుతున్నాడు. పైన ఇంత లావు అక్షరాలతో ‘లింకు దొరికింది’. మన రేవులో పేలుడు పొరుగు ప్రభుత్వం చేయించిందట, మందుగుండు మోసుకొచ్చింది రెండు ఒడ్ల మధ్యా తిరిగే మా లాంచీ ఇంజను మెకానికట, అంటే నా మొగుడట.

ఆ ఫోటో మీవాళ్ళకి ఎవరిచ్చారో తెలుసా? నేనే, నా చేత్తో. పోలీసులు ఆయన్ని తీసుకెళ్ళిన మర్నాడు మీ విలేకరి మెట్లెక్కి వచ్చాడు. “అక్కా, అన్న మంచివాడని రాస్తాను, మంచి ఫోటో ఒకటి ఇవ్వండి” అన్నాడు. మా వదిన పేపరే కదా అని టీ ఇచ్చి మరీ గోడ మీది ఫ్రేము దించి, కెమెరాలో తీసుకోనిచ్చాను. నీకు గుర్తుండే ఉంటుంది, ఆ ఫ్రేము కట్టించింది నువ్వే. నడి సముద్రంలో ఇంజను ఆగిపోతే ఆయన బాగుచేసి జనాన్నంతా ఒడ్డుకి చేర్చిన రోజు, రెండు రేవుల అధికారులూ ఆయన్ని మధ్యలో నిలబెట్టి తీయించిన ఫోటో. మన రేవు అధికారి ఆయన భుజం మీద చెయ్యేసి ఉంటాడు. మీ పేపర్లో ఆ మనిషి లేడు. భుజం మీద నాలుగు వేళ్ళు మాత్రం మిగిలాయి. ఆ వేళ్ళు కూడా పొరుగు దేశానివే అనుకుంటున్నారు మా వీధిలో.

పేలుడులో పోయినవాళ్ళు మీకు ఒక అంకె. కస్టమ్స్ షెడ్డు ముందు టీ అమ్మే పిన్ని రోజూ నా టికెట్ల కౌంటరుకి చిల్లర సర్దేది. సామాన్లు మోసే తాత నా కిటికీ నీడలోనే కునుకు తీసేవాడు. వాళ్ళని ఎవరు చంపారో తెలియాలని మీ అందరికంటే నాకే ఎక్కువ ఉంది. అందుకే చెబుతున్నాను, ఈయన కాదు. ఆ వారమంతా లాంచీ రిపేరు షెడ్డులో ఉంది, అవతలికి వెళ్ళనే లేదు. లాంచీ కంపెనీవాళ్ళు మీ విలేకరికి ఆ మాట చెప్పారు. ఆ మాటేదీ? మింగేశారా?

నా ఫోను పోలీసుల దగ్గరుంది, అందుకే ఈ ఉత్తరం. జవాబు చెప్పేదాకా మా గుమ్మం తొక్కకు.

నీ ఆడపడుచు


న్యూస్ డెస్కు,
మూడో అంతస్తు

ప్రియమైన మిరపకాయకి,

నువ్వు అనకపోయినా నేనంటాను. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా? తిట్టినా పడాలి.

మీ ఆయన నాకు తమ్ముడి వరస కదా, తమ్ముడి కోసం మా స్నేహితురాలు, మీ ఊరి కోర్టులోనే వాదించే లాయరమ్మతో మాట్లాడాను. రేపో ఎల్లుండో నిన్ను వెతుక్కుంటూ వస్తుంది. ఆవిడ అడిగినవన్నీ చెప్పు, అడగనివి చెప్పకు. నీ నోరు నాకు తెలుసు.

ఇక పేపరు సంగతి. కోపం దించుకుని విను. మేం ‘అని అధికారులు తెలిపారు’ అనే రాశాం. కావాలంటే చూడు, రెండో వాక్యం చివర ఉంది. లాంచీ కంపెనీ మాట కూడా విలేకరి పంపాడు. వార్తలో చివరి పేరా అదే. మా దగ్గర వార్త పేర్చే పద్ధతి ఒకటుంది. ముఖ్యమైంది పైన, కానిది కింద. పేజీ కట్టే వేళకి యాడ్ ఏదైనా వచ్చి పడితే కింది నుంచి కోసేస్తారు. చదవక్కర్లేదు, కొలిస్తే చాలు. ఆ రోజు ఫ్రిజ్జుల యాడ్ వచ్చింది. పేజీలు పెట్టే ఆయన “మేడం, కింద ఇంత పోతోంది” అన్నాడు. నేను ఇంకో వార్తలో ఉండి తలెత్తకుండానే సరే అన్నాను. ఎవరూ పగబట్టి చేసింది కాదు.

ఇంకో మాట. అవతలి ప్రభుత్వం ఏమీ ఎరగని పసిపాప కాదు. వాళ్ళ చేతులకి మసి అంటని రోజులు తక్కువ. అందుకే ఇక్కడ అందరూ నిప్పు లేనిదే పొగ రాదంటున్నారు. తమ్ముడి గురించి కాదు, మొత్తం వ్యవహారం గురించి.

మీ అన్నయ్య సంగతి చెప్పనా? నీళ్ళ బోర్డులో లెక్కలు చూసే మనిషి, పైపు పగిలినా గొంతెత్తరు. కిటికీలన్నీ మూసి, నా చెవిలో “మనకెందుకొచ్చిన గొడవ” అంటున్నారు. చెల్లెలి మొగుడు జైల్లో ఉంటే గొడవ మనది కాక ఎదురింటివాళ్ళదా అన్నాను. వెళ్ళి కుళాయి బిగించారు.

నీ వదిన


రేవు రోడ్డు,
అదే మేడగది, ఇంకా ఖాళీ చేయలేదు

వదినా,

లాయరమ్మని పంపావు కాబట్టి ‘ప్రియమైన’లో సగం ఇస్తున్నాను.

కానీ నీ ఉత్తరం చదివాక నాకు కోపం పెరిగింది. నిప్పు లేనిదే పొగ రాదా? పొమ్మనలేక పొగ పెట్టేవాళ్ళు ఎంతమంది లేరు లోకంలో! నన్ను కౌంటరు నుంచి అలాగే పంపారు. “భద్రత కోసం కొన్నాళ్ళు ఇంట్లో ఉండమ్మా” అన్నారు. ఎవరి భద్రతండీ అంటే మేనేజరు పైకప్పు చూశాడు. కింద తాళాల కొట్టు ముసలాయన ఒక్కడే మామూలుగా మాట్లాడుతున్నాడు. ఇల్లుగలవాడు ఖాళీ చెయ్యమని వస్తే, “నా కొట్టు మీద నడిచే అడుగులు నాకు తెలుసు, నువ్వు పోవయ్యా” అన్నాడట.

నిన్న ఆయన్ని చూడనిచ్చారు. మధ్యలో జాలీ. చిక్కిపోయాడు. మొదట అడిగిందేమిటో చెప్పు. “ఇంజనులో ఆయిలు ఎవరైనా మార్చారా?” నేను ఏడవాలో నవ్వాలో తెలియక, కేసేంటో నీకు తెలుసా అన్నాను. “ఏదో గవర్నమెంటుతో నాకు లింకుందటగా. మనింటి కరెంటు మీటరు మార్పించడానికే చెప్పులరిగేలా తిరిగాను, ఏ గవర్నమెంటుతోనూ నాకు లింకు కుదరలేదు” అన్నాడు. పక్కనున్న కాపలావాడు కూడా నవ్వాడు. ఆ తర్వాత, తన ఫోటో పేపర్లో వచ్చిందటగా, తాత వాళ్ళ పిల్లలు చూసుంటారా అని అడిగాడు. చచ్చిపోయిన తాత పిల్లలు తననే హంతకుడు అనుకుంటారని ఆయన భయం. జైలు కంటే అదే ఆయన్ని తినేస్తోంది.

ఇప్పుడు అసలు తమాషా విను. మొన్న ఇంకో విలేకరి మెట్లెక్కాడు, అవతలి దేశం రేడియోవాడు. వాళ్ళ రేడియోలో నా మొగుడు అమాయకుడు, దేవుడు. పేలుడు మన ప్రభుత్వమే చేయించుకుని వాళ్ళ మీదకి తోసిందట. మైకు నా నోటి దగ్గర పెట్టి, “మీ ప్రభుత్వమే బాంబు పెట్టించిందని ఒక్క ముక్క చెప్పండమ్మా” అన్నాడు. నాకు తెలియదు అన్నాను. మళ్ళీ అడిగాడు. తెలియదన్నాను కదా, ఎవరు పెట్టారో నాకు తెలియదు, నా మొగుడు పెట్టలేదని మాత్రం తెలుసు అన్నాను. “తెలియదంటే వార్త కాదమ్మా” అన్నాడు. అయితే మెట్లు దిగు అన్నాను. టీ కూడా ఇవ్వలేదు. మీవాడి పుణ్యమా అని ఆ బుద్ధి వచ్చింది నాకు.

రెండు ఒడ్లదీ ఒకటే వంకర. మీకు దోషి కావాలి, వాళ్ళకి దేవుడు కావాలి. మెకానిక్కు ఎవరికీ అక్కర్లేదు. టీ పిన్నీ తాతా అసలే అక్కర్లేదు.

కింది నుంచి కోయడం మీ పద్ధతి అన్నావు. మరి కాదన్నవాడి మాట ఎప్పుడూ కిందే ఎందుకుంటుంది? నువ్వు సబ్ ఎడిటరువి కదా. ఒక్కసారి తలకిందులు చేసి చూడు.

సగం ప్రేమతో,
మిరపకాయ


న్యూస్ డెస్కు,
మూడో అంతస్తు

మిరపకాయ్,

నీ ఉత్తరం వచ్చిన రోజు కోపంగా చించబోయాను. తర్వాత లైబ్రరీ గదిలోకి వెళ్ళి మా పాత సంచికలు తిరగేశాను, నీ మాట తప్పని చూపిద్దామని.

చూపించలేను. మన ప్రభుత్వం మీద ఎవరైనా ఇలాంటి నింద వేస్తే మా హెడ్డింగులో ‘ఆరోపణ’. అదే నింద మనవాళ్ళు అవతలివాళ్ళ మీద వేస్తే ‘బట్టబయలు’. కాదన్న మాట రెండు వైపులా అడుగునే. చాలాచోట్ల అదీ లేదు, దాని స్థానంలో మంచాల యాడ్, చెప్పుల యాడ్, కోచింగ్ సెంటర్ యాడ్. ఇన్నాళ్ళూ యాడ్ కోసిందనుకున్నాను. యాడ్‌కేం తెలుసు పాపం? కింద పెట్టినవాళ్ళు కోసినట్టే లెక్క. మసిపూసి మారేడుకాయ చేయడానికి అబద్ధం ఆడనక్కర్లేదే, వరస మారిస్తే చాలు. నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ ఒళ్ళు మండింది.

ఎడిటరు గారి గదికి వెళ్ళాను. పూర్తి ఫోటో మళ్ళీ వేద్దామండీ, లాంచీ రిపేరులో ఉందన్న మాట వేద్దామండీ అన్నాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, “నీ బంధువని తెలుసు. అందుకే ఈ వార్తకి దూరంగా ఉండు” అన్నారు. బంధువు కాకపోతే దగ్గరగా ఉండనిస్తారా అన్నాను. “అసలు లింకు లేదని రుజువుందా?” అన్నారు. ఉందో లేదో తెలియదండీ, తెలియదనే రాద్దాం అన్నాను.

“తెలియదు అనేది హెడ్డింగు కాదమ్మా” అన్నారు.

నీ రేడియోవాడూ మా ఎడిటరూ ఒకే బళ్ళో చదివినట్టున్నారు.

తలకిందులు చెయ్యమన్నావు. లింకు ఉందని రోజూ చెప్పే మంత్రిగారిని పేరాల వరసలో అడుగున కూర్చోబెట్టి, జైల్లో ఉన్నవాణ్ణి నెత్తిన పెట్టాలా? ఇక్కడ అది జరిగే పని కాదు. నీ కౌంటరులో క్యూ వెనకనుంచి టికెట్లు ఇస్తే ఊరుకుంటారా? అలాంటిదే ఇది.

మీ అన్నయ్య నీ ఉత్తరం నా బ్యాగులోంచి తీసి చదివినట్టున్నారు. అడిగితే ఒప్పుకోలేదు. రాత్రి భోజనం దగ్గర మాత్రం “వాడికి ఆయిలు బెంగ ఏంటి” అని నవ్వి, అన్నం సగంలో వదిలేసి లేచారు.

నీ వదిన


రేవు రోడ్డు

ప్రియమైన వదినా,

ఈసారి మొత్తం ఇచ్చేశాను. ఎడిటరు గదిలోకి వెళ్ళావు కదా, దానికి.

బెయిలు మీద వాదన వచ్చే శుక్రవారం. ఇది తప్పితే మళ్ళీ కోర్టు సెలవులయ్యేదాకా లేదట. ఆయన దగ్గుతున్నాడు. జాలీకి అవతల నిలబడి దగ్గు ఆపుకుంటున్నాడు, నేను వినకూడదని. ఇన్నాళ్ళూ నీతో బింకంగా రాశాను కానీ, భయంగా ఉంది వదినా. బయట గట్టిగా అరిచి, లోపలికొచ్చి తలుపు గడియ రెండుసార్లు చూసుకుంటున్నాను.

లాయరమ్మ చెప్పింది, జడ్జీ కూడా మనిషే, ఆయనా సాయంత్రం పేపరు చదువుతాడని. ఇన్నాళ్ళుగా ఆయన మీ పేపర్లో చదివింది ఏమిటో నీకు తెలుసు.

ఇంకోటి. నీ కవరు ఈసారి వేరే జిగురుతో అంటించి ఉంది. నువ్వు ఎప్పుడూ అంచుదాకా జిగురు రాయవు, బద్ధకం. ఇది అంచుదాకా ఉంది, శుభ్రంగా. మధ్యలో ఎవరో మన ఉత్తరాలు చదువుతున్నారు. జాగ్రత్తగా రాయి. లేదా, నీ ఇష్టం, అసలు రాయకు.

మిరపకాయ


ఇల్లు,
వంటగది బల్ల

ప్రియమైన మిరపకాయకి,

ముందుగా, ఈ కవరు మధ్యలో విప్పి చదువుతున్న అయ్యగారికి నమస్కారం. జిగురు తక్కువ రాయండి, కాగితం పాడవుతోంది.

ఈ రోజు మా ఆఫీసులో ఒక దుర్ఘటన జరిగింది. చాలా విచారంతో రాస్తున్నాను.

ఉదయం కోర్టు నుంచి మా విలేకరి ఫోన్లో వార్త చెప్పాడు, నీ టీ తాగినవాడే. తమ్ముడికీ పొరుగు ప్రభుత్వానికీ సంబంధం ఉందనడానికి ఆధారమేమిటని జడ్జీ అడిగితే ప్రభుత్వ లాయరు కాగితాలు తిరగేసి తిరగేసి, “ఇప్పటివరకైతే తెలియదండీ” అన్నాడట. తీర్పు రేపు. నువ్వు అక్కడే ఉన్నావు, నీ చెవులతో విన్నావు. అదే సమయంలో ఇక్కడ మంత్రిగారు ఒక హాల్లో, లింకు ఎప్పుడో రుజువైపోయిందని ప్రసంగిస్తున్నారు. మా ఎడిటరు గారు ఆ వేదిక మీదే కుర్చీలో ఉన్నారు. కాబట్టి పేజీ నాకు అప్పగించి వెళ్ళారు. రెండు వార్తలూ కలిపి ఒకటి చెయ్యమన్నారు. చేశాను. కోర్టు మాట పైన పెట్టాను. లాంచీ రిపేరు షెడ్డులో ఉందన్నది దాని కింద. టీ పిన్ని గురించి, తాత గురించి నువ్వు రాసిన ముక్కలు ఆ కింద. మంత్రిగారిని చివరి పేరాలో మర్యాదగా, పూర్తి హోదాతో కూర్చోబెట్టాను. ఏ ఒక్కరి మాటా నేను తీసెయ్యలేదు.

అంతలో యాడ్ వచ్చింది. ఎవరిదనుకున్నావు? మంత్రిగారి శాఖదే. చేతులు జోడించిన ఆయన నిలువెత్తు ఫోటో, ‘మీ భద్రత మా బాధ్యత’. ఆ యాడ్ వస్తుందని నాకెలా తెలుస్తుంది? ప్రకటనల విభాగంవాళ్ళు క్యాంటీన్‌లో గట్టిగా మాట్లాడుకుంటే మాత్రం, పక్క బల్ల దగ్గరున్నవాళ్ళు చెవులు మూసుకోలేరు కదా.

పేజీలు పెట్టే ఆయన కొలిచాడు. “మేడం, కింద ఇంత పోతోంది” అన్నాడు. ఈసారి తలెత్తాను. ఆయన మొహం చూశాను, ఆయన నా మొహం చూశాడు. పద్ధతి ప్రకారం చెయ్యండి అన్నాను. కోశాడు. మంత్రిగారి ప్రసంగం మొత్తం మంత్రిగారి ఫోటో కింద పడిపోయింది. పైన హెడ్డింగు ఒకటే మాట: ‘తెలియదు’. దాని కింద చిన్నగా, ‘లింకుపై కోర్టులో ప్రభుత్వ లాయరు’.

సాయంత్రం ఎడిటరు గారు వేదిక మీది శాలువా తియ్యకుండానే మెట్లెక్కి వచ్చారు. అరిచారు. “తిన్న ఇంటి వాసాలు లెక్కపెడతావా?” అన్నారు. ఇంటికి వాసాలు ఉన్నాయో లేవో ఎవరో ఒకరు చూడాలి కదండీ అన్నాను. ‘సాంకేతిక కారణాల వల్ల మంత్రిగారి ప్రసంగం ప్రచురితం కాలేదు, చింతిస్తున్నాం’ అని సవరణ రాయమన్నారు. రాస్తానండి, ఫోటోలో పోయిన మనిషి గురించి, ఫ్రిజ్జుల కింద పోయిన లాంచీ గురించి కూడా అదే సవరణలో చింతిద్దాం అన్నాను. రేపటి నుంచి రావద్దన్నారు. కాగితం మీద ఇవ్వండి అన్నాను. ఇవ్వలేదు. కాబట్టి రేపు వెళ్ళి నా కుర్చీలో కూర్చుంటాను. ఎల్లుండి కూడా.

నాకు అవతలి ప్రభుత్వం మీద ప్రేమ లేదు, అయ్యగారూ, ఈ వాక్యం కింద గీత గీసుకోండి. రేపు వాళ్ళే చేయించారని తేలితే, తేలిందని అంతే లావు అక్షరాలతో నేనే రాస్తాను. తేలకుండా మాత్రం రాయను.

ఒకటే బెంగ. ఇంటికొచ్చేసరికి మీ అన్నయ్య లేరు. చెప్పులు లేవు, పెద్ద సంచీ లేదు. పేపరు చూసి కోపమొచ్చి ఎటో వెళ్ళినట్టున్నారు. ఆయన కోపం నేనెప్పుడూ చూడలేదు, ఎలా ఉంటుందో తెలియదు.

నీ వదిన


రేవు రోడ్డు,
తాళాల కొట్టు పైన మేడగది

ప్రియాతిప్రియమైన వదినా,

వచ్చేశాడు.

ముఖ్యమైంది పైన రాయాలని నీ దగ్గరే నేర్చుకున్నాను. దారిలో ఎవరు ఎంత కోసినా నీకీ మాట అందాలి. మీ తమ్ముడు ఇంట్లో ఉన్నాడు, వేణ్ణీళ్ళు పోసుకున్నాడు, కుర్చీలోనే నిద్రపోయాడు. దగ్గు తగ్గలేదు, డాక్టరు చూశాడు, భయం లేదన్నాడు. కేసు ఇంకా ఉంది. ప్రతి సోమవారం స్టేషనుకి వెళ్ళి సంతకం పెట్టాలి. పెడతాడు. ఆ తర్వాత తల ఎత్తుకుని అదే వీధిలో నడిచి వస్తాడు, పక్కన నేనుంటాను.

మీ ఆయన ఎక్కడున్నాడో చెప్పనా? శనివారం పొద్దున్నే మా మెట్ల మీద ప్రత్యక్షం. భుజానికి పెద్ద సంచీ, దాన్నిండా మీ పేపర్లే. బస్టాండులో ఉన్న కట్టంతా కొనేశాడట. నన్ను పలకరించను కూడా లేదు, కాస్త మైదా ఉడికించి పెట్టవే అన్నాడు. ఆ జిగురు గిన్నె పట్టుకుని రేవుకి వెళ్ళి, మూసున్న నా టికెట్ల కిటికీ మీద నీ పేజీ అంటించాడు. కస్టమ్స్ షెడ్డు గోడ మీద అంటించాడు. వాచ్‌మన్ వచ్చి తియ్యమన్నాడు. అప్పుడు మా అన్నయ్య, పైపు పగిలినా గొంతెత్తని మనిషి, రేవంతా వినబడేలా, “అది పేపరయ్యా, బాంబు కాదు! మీరు రోజూ చదివేదే, ఈసారి పైనుంచి చదవండి!” అని అరిచాడు. అరిచి, నా వైపు తిరిగి, “నాకింత గొంతుందేంటే?” అన్నాడు. కోర్టుకి వచ్చేటప్పటికి చేతులనిండా మైదాయే.

జడ్జీ బెయిలు నీ పేపరు చూసి ఇచ్చాడో, చట్టం చూసి ఇచ్చాడో నాకు తెలియదు. తెలియదనే రాస్తున్నాను చూడు.

ఒకటి మాత్రం తెలుసు. సాయంత్రం తాత కొడుకు మా మెట్లెక్కి వచ్చాడు. చేతిలో నీ పేజీ మడత పెట్టి ఉంది. ఆయన్ని లేపబోయాను, వద్దన్నాడు. కాసేపు కుర్చీ పక్కన నిలబడి, నిద్రపోతున్న మనిషిని చూసి, “మా నాన్న గురించి రాసింది మీ వదినగారేనా?” అన్నాడు. అవునన్నాను. “ఆయన మీ కిటికీ నీడలో కునుకు తీసేవాడని మాకు తెలియదు” అన్నాడు. వెళ్ళేటప్పుడు ఈయన భుజం మీద చెయ్యి వేసి వెళ్ళాడు. ఈయన నిద్రలో కదల్లేదు కానీ, లేచాక చెబితే చాలాసేపు ఏడ్చాడు.

ఫ్రేము మళ్ళీ గోడకి తగిలించాను. ముగ్గురూ ఉన్న ఫోటో. మీ ఎడిటరుకి లాయరమ్మ చేత నోటీసు పంపిస్తున్నాం, అదే ఫోటో పూర్తిగా, అంతే పెద్దగా, మొదటి పేజీలో వెయ్యమని. వెయ్యకపోతే మళ్ళీ పంపిస్తాం. నువ్వు కుర్చీలోంచి లేవకు, నేను మెట్లు దిగను, చూద్దాం ఎవరు అలుస్తారో.

మొదటి ఉత్తరంలో మా గుమ్మం తొక్కొద్దన్నాను. ఆ ముక్క కోసెయ్. మెట్లు అరిగేలా రా.

ఇంతే. ఇక కవరు విప్పే అయ్యగారికి ఒక మాట: కత్తెర వేయాలనుకుంటే ఇక్కణ్ణుంచి వేసుకోండి. చెప్పాల్సిందంతా పైన చెప్పేశాం.

నీ మిరపకాయ